రెండు పొయ్యిల రోడ్డు

మా కౌంటీలో ఆవులు నలభై వేలు. మనుషులు ఏడువందల పదమూడు. ఆవుల సంఖ్య ఉజ్జాయింపు. మనుషుల సంఖ్య మాత్రం కచ్చితం, ఎందుకంటే అది రైనీ లెక్క.

అతని పూర్తి పేరు రైన్‌హోల్డ్ ష్లెంకర్. ముప్పై ఎనిమిదేళ్ళు కౌంటీ గ్రేడర్ నడిపాడు. వేసవిలో కంకర రోడ్ల గతుకులు చదును చేసేవాడు. చలికాలంలో అదే బ్లేడుతో మంచు నెట్టేవాడు. అమెరికాలోని డకోటాలో మా మూల, ఎర్రమట్టి దిబ్బల నుంచి వాగు దాకా యాభై మైళ్ళ పొడుగు, ముప్పై మైళ్ళ వెడల్పు. అటు మైలుకో రోడ్డు, ఇటు మైలుకో రోడ్డు, పటం చూస్తే గళ్ళ లుంగీ పరిచినట్టుంటుంది. ఆ గళ్ళలో చాలావాటిలో గడ్డి తప్ప ఏమీ లేదు. సమానంగా పంచితే తలా రెండు చదరపు మైళ్ళ పైన వస్తుంది. పక్కింటివాడితో పోట్లాడాలన్నా బండి తీయాల్సిందే.

రోడ్లకి నంబర్లున్నా రైనీ నోట అవి ఎప్పుడో గాని వచ్చేవి కావు. "కుంటి గాట్‌ఫ్రీడ్ పోయిన రోడ్డు", "కవలలు పుట్టిన రోడ్డు", "బడి ఉండే రోడ్డు" అనేవాడు. బడి పోయి నలభై ఏళ్ళు. కవలలు కూడా ఎప్పుడో వెళ్ళిపోయారు. అయినా పేర్లు అవే.

ఎనిమిదేళ్ళ కిందట కౌంటీ కమిషనర్లు ఒక తీర్మానం చేశారు. రెండు కాపురాలైనా ఉన్న రోడ్డుకే గ్రేడర్ వెళ్తుంది. అంతకు తగ్గితే రోడ్డు మొదట్లో పసుపు బోర్డు పాతుతారు: ఇక్కడి నుంచి బాగుచేత లేదు, వెళ్ళేవారు తమ బాధ్యతపై వెళ్ళవలెను. బోర్డు దాటి మంచు తీయరు, ఇళ్ళు వెచ్చబెట్టుకునే గ్యాసు లారీ రాదు, పోస్టు రాదు. ఏ రోడ్డు మీద ఎన్ని కాపురాలున్నాయో ఏటా అక్టోబరులో రాసివ్వడం రైనీ పని. ఎవరినీ అడిగేవాడు కాదు. చలి పడ్డాక పొద్దున్నే తిరిగి, పొగ వచ్చే గొట్టాలు లెక్కపెట్టుకునేవాడు. ఓటు ఎక్కడున్నా, భూమి ఎవరి పేరున ఉన్నా, పొయ్యి ఎక్కడ వెలిగితే కాపురం అక్కడ. ఒక మనిషికి ఒకటే పొయ్యి.

నేను అదే కౌంటీలో బావుల నీటిమట్టం కొలిచే ఉద్యోగం చేసేదాన్ని. ఆఫీసు గ్రేడర్ షెడ్డుకి ఆనుకునే ఉండేది కాబట్టి రైనీని రోజూ చూసేదాన్ని. మేముండేది నలభై ఒకటో రోడ్డు చివర. నా భర్త డీన్ చమురు బావుల దగ్గర పని, పదిహేను రోజులు అక్కడ, పదిహేను రోజులు ఇంట్లో. మా అమ్మాయి మారిట్ ఏడో నెలలోనే పుట్టింది, ఊపిరితిత్తులు గట్టిపడలేదు. నిమిషానికి యాభై దాటి ఊపిరి తీస్తుంటే వెంటనే బయల్దేరమన్నారు డాక్టరు. ఆసుపత్రి డెబ్భై ఒక్క మైళ్ళు. గడియారం చూస్తూ దాని పొట్ట ఎన్నిసార్లు లేచి పడుతోందో లెక్కపెట్టడమే నాకు జపమైపోయింది.

ఆ సెప్టెంబరులో మా రోడ్డు మీద ఉన్న ఒకే ఒక్క పొరుగు, ఎనభై ఎనిమిదేళ్ళ హల్డా షాక్, తుంటి ఎముక విరిగి వృద్ధాశ్రమానికి వెళ్ళిపోయింది. మా రోడ్డుకి ఇక మేమొక్కళ్ళమే.

షెడ్డులో రైనీ బ్లేడుకి గ్రీజు పెడుతుంటే వెళ్ళి అడిగాను.

"రైనీ గారూ, హల్డా గారి ఇల్లు ఈ ఒక్క ఏడాదికి లెక్కలో ఉంచండి. తిరిగొస్తాననే అంటోంది ఆవిడ."

"శవపేటికకి కొలతలు తీసుకుంటుంటే కూడా తిరిగొస్తాననేలా ఉంది ఆవిడ."

"నవ్వులాట కాదండీ. పిల్ల సంగతి మీకు తెలుసు."

"తెలుసమ్మాయ్. పొగ రాని ఇంట్లో పొగొస్తోందని రాయమంటావా? మా నాన్న పుట్టిన ఇంటి రోడ్డుకి బోర్డు పాతిందెవరు? నేనే. ఎవరికీ రాయనిది నీకెట్లా రాస్తాను?"

ఒళ్ళు మండింది నాకు. "అంత సత్యసంధులైతే మీరే వచ్చి ఆ ఇంట్లో పొయ్యి వెలిగించుకోకపోయారా!" అనేసి వచ్చేశాను.

ఎత్తిపొడుపుగా అన్నమాట అది. మా వైపు మనుషులకి ఎత్తిపొడుపులు అర్థం కాక కాదు, కాని రైనీ మాటని మాటగానే తీసుకునే మనిషి. శనివారం పొద్దున హల్డా ఇంటి ముందు అతని ట్రక్కు ఆగి ఉంది. మడత మంచం, కాఫీ కెటిలు, సాసేజీల పెట్టె దింపుకుంటున్నాడు. హల్డా మేనకోడలితో మాట్లాడి తాళం తెచ్చుకున్నాడట. మధ్యాహ్నానికి ఆ గొట్టంలోంచి పొగ లేచింది. పిల్లని ఎత్తుకుని కిటికీ దగ్గర నిలబడి ఏడ్చాను, సంతోషంతోనే.

సాయంత్రం పిల్ల బట్టలు మడతపెడుతుంటే రెండో లెక్క తట్టింది. రైనీ అంతవరకూ ఉన్నది పదిహేడో రోడ్డు మీద. అక్కడా కాపురాలు రెండే. ఒకటి అతనిది. ఎదురుగా ఉన్నది అతని అన్న భార్య డెల్ఫీన్‌ది. అన్న పోయి పదేళ్ళు, ఆమెకి డెబ్భై నాలుగు, ఒక్కతే. రెండులోంచి ఒకటి తీస్తే ఎంతో నాకు తెలియదా? తెలుసు. మడతపెట్టిన చొక్కా విప్పి మళ్ళీ మడతపెట్టాను. ఎవరితోనూ అనలేదు.

తరవాతి ఆదివారం చర్చి నేలమాళిగలో భోజనాలు. పిండి ఉండల సూపు, పళ్ళ రొట్టె. డెల్ఫీన్ వడ్డిస్తోంది.

"ఏమయ్యా రైనీ, ఇన్నేళ్ళూ బ్రహ్మచారిగా ఉండి, పళ్ళూడాక కొత్త కాపురం పెట్టావటగా! ఎవరయ్యా పెళ్ళికూతురు?"

"ఎలకలు, వదినా."

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. ఆమె కూడా నవ్వింది. గరిటె అతని గిన్నెలో వంచుతూనే అడిగింది.

"మరి మన రోడ్డుకి బోర్డెప్పుడు?"

రైనీ చెంచా కింద పెట్టి, "సోమవారం," అన్నాడు.

"గొయ్యి లోతుగా తవ్వు. గాలికి పడిందంటే మళ్ళీ అంతదూరం నుంచి రావాలి పాపం నువ్వు."

నా గిన్నెలో పిండి ఉండలు ఎన్నున్నాయో ఇప్పటికీ చెప్పగలను. ఏడు. తల ఎత్తలేదు నేను.

సోమవారం బోర్డు పాతాడు. లోతుగానే తవ్వాడట.

జనవరి మూడోవారంలో తుపాను వచ్చింది. రెండో రోజు తెల్లారాక పిల్ల ఊపిరి లెక్కపెట్టాను. యాభై ఎనిమిది. మళ్ళీ పెట్టాను. అరవై రెండు. పెదవుల చుట్టూ నీలం. డీన్ పని దగ్గర ఉన్నాడు. హల్డా ఇంటికి ఫోన్ చేస్తే రైనీ ఒక్కటే మాట అన్నాడు: "బండి స్టార్ట్ చెయ్."

గ్రేడర్ హల్డా పశువులపాకలోనే ఉండేది, చలికాలమంతా. ముందు అతను, వెనక నేను. తెల్లటి గోడ చీల్చుకుంటూ పోతున్న పసుపు దీపం తప్ప నాకేమీ కనబడలేదు. హైవే కూడా మూసుకుపోయింది. కౌంటీ సరిహద్దు దాకా ముప్పై ఒక్క మైళ్ళు నడిపించాడు, నాలుగు గంటలు. అక్కడ అవతలి కౌంటీ వాళ్ళ యంత్రం అందుకుంది. అతను కిందికి దిగలేదు, అద్దంలోంచి చెయ్యి ఊపాడంతే. వెనక్కి వెళ్ళే దారి అప్పటికే పూడిపోయి ఉంటుందన్న ఆలోచనే నాకు రాలేదు. రాత్రంతా అతను సరిహద్దు దగ్గరే, గ్రేడర్‌లోనే ఉండిపోయాడు.

పిల్ల బతికింది.

అదే రోజు పొద్దున డెల్ఫీన్ కట్టెల కోసం బయటికి వచ్చి మెట్ల మీద జారిపడింది. గ్యాసు లారీ బోర్డు దాటి రావడం మానేశాక అక్టోబరు నుంచీ కట్టెలే ఆమెకి. విరిగిన కాలితో పాకి లోపలికి చేరేసరికి చాలాసేపు పట్టింది. పొయ్యి ఆరిపోయింది. గాలికి ఫోను తీగ తెగింది. ఎదురింట్లో మనిషి ఉండి ఉంటే పొద్దున కాఫీ వేళకే గొట్టం వైపు చూసేవాడు. పదేళ్ళు అదే చేశాడతను. పొగ లేకపోతే రోడ్డు దాటి వచ్చి తలుపు కొట్టేవాడు. ఆ ఎదురింట్లో ఎవరూ లేరు.

మూడో రోజు మధ్యాహ్నం, సరిహద్దు నుంచి వెనక్కి వస్తూ, రైనీ గ్రేడర్‌ని పదిహేడో రోడ్డు బోర్డు దగ్గర ఆపేసి, రెండు మైళ్ళు నడుంలోతు మంచులో నడిచి వెళ్ళాడు. ఎందుకు ఆపావని కమిషనర్ తరవాత అడిగితే, "బోర్డు పాతింది నేనేగా," అన్నాడట. లోపల ఆమె దుప్పట్లన్నీ చుట్టుకుని కూర్చుని ఉంది, మాట్లాడుతోంది కూడా. కాని కాళ్ళు నల్లబడ్డాయి. ఒక పాదం, రెండో కాలి మూడు వేళ్ళు తీసేశారు.

మారిట్ ఉన్న ఆసుపత్రికే తెచ్చారు ఆమెని. మూడో అంతస్తులో పిల్ల, రెండో అంతస్తులో ఆమె. నాలుగు రోజులు లిఫ్టు దగ్గరికి వెళ్ళి వెనక్కి వచ్చాను. అయిదో రోజు వెళ్ళాను.

"రా, కూర్చో. నీ పిల్లకెట్లా ఉంది?"

"బాగుందండీ. ఊపిరి నలభైకి వచ్చింది."

"మంచిది. మంచిదే." కిటికీలోంచి చూస్తూ అంది. "నీకో సంగతి చెప్తాను, ఎవరికీ చెప్పకు. నన్నడిగితే వెళ్ళమనేదాన్నే. చంటిపిల్ల ఉన్న ఇంటికి పోరా మగడా అని నేనే అతని మంచం మోసేదాన్ని. అడగలేదే! అతనూ అడగలేదు, నువ్వూ అడగలేదు. ఇద్దరూ కలిసి నన్ను లెక్కలోంచి తీసేశారు."

మెట్లు లెక్కపెట్టుకుంటూ మూడో అంతస్తుకి వెళ్ళాను.

ఆమె మళ్ళీ కౌంటీకి రాలేదు. ఆసుపత్రి ఉన్న ఊళ్ళోనే వృద్ధాశ్రమంలో చేరింది. ఏడువందల పన్నెండు.

రైనీ ఆ ఏడాది ఎవరితోనూ హాస్యాలాడలేదు. వారానికోసారి గ్రేడర్ బోర్డు దగ్గర ఆపి, నడిచి వెళ్ళి డెల్ఫీన్ ఇంట్లో పొయ్యి వెలిగించి వచ్చేవాడు, పైపులు పగలకుండా. అక్టోబరులో అతని కాగితం చూశాను. పదిహేడో రోడ్డుకి ఎదురుగా సున్నా అని ఉంది. నలభై ఒకటికి రెండు.

మరుసటి మేలో డీన్‌కి ఆసుపత్రి ఉన్న ఊళ్ళోనే పని దొరికింది. మారిట్‌కి రెండేళ్ళు దాటాయి. ఊపిరితిత్తుల డాక్టరు అక్కడ, బడి అక్కడ. మేం పెద్దగా చర్చించుకోలేదు. ఎందుకు చర్చించుకోలేదో ఇద్దరికీ తెలుసు. ఇల్లు ఖాళీ చేయాలని తేదీ అనుకున్న మర్నాడే రైనీ దగ్గరికి వెళ్ళాను. ఈసారైనా ముందు అడుగుదామని.

హల్డా ఇంటి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. పక్కనున్న ట్రక్కులో పసుపు బోర్డు, రెండు గుంజలు, గడ్డపార కనిపించాయి.

"మీకెవరు చెప్పారు?" అన్నాను.

"ఎవరూ చెప్పలేదు. డీన్ వారంలో రెండుసార్లు అట్టపెట్టెలు తెచ్చాడు." కాఫీ గుక్క తాగాడు. "ముప్పై ఎనిమిదేళ్ళుగా చూస్తున్నానమ్మాయ్. చిన్నపిల్లలున్న ఇల్లేదీ ఈ రోడ్ల మీద నిలవలేదు."

"అంతా తెలిసి మరెందుకు వచ్చారు ఇక్కడికి? మీ వదినని వదిలేసి?"

అడగకూడని మాట. అడిగేశాను.

గొట్టం వైపు చూశాడు. వేసవి కదా, పొగ లేదు. "రోడ్డుంటేనేగా పోయేవాళ్ళు పోగలిగేది," అన్నాడు.

"మీరెక్కడికి వెళ్తారు? పాత ఇంటికా?"

"అక్కడికెట్లా వెళ్తాను? బోర్డుంది."

"ఇక్కడా పాతుతారుగా."

"పాతుతాను. నేనొక్కణ్ణేగా." గడ్డపార వైపు చూశాడు. "కాగితం మీద ఎక్కడో ఒకచోట ఒకటి పడాలి. ఇక్కడే పడనీ."

జూన్ రెండో శనివారం మా సామాను లారీ కదిలింది. వెనక మా బండిలో మారిట్ నిద్రపోతోంది. ముందు రైనీ గ్రేడర్ మీద, మా కోసం రోడ్డు చదును చేసుకుంటూ హైవే దాకా వచ్చాడు. తొమ్మిది మైళ్ళలో ఒక్క గతుకు తగల్లేదు, పిల్ల లేవలేదు. హైవే ఎక్కాక అద్దంలో చూశాను. అతను గ్రేడర్ దిగి, రోడ్డు పక్కన గడ్డపారతో తవ్వడం మొదలుపెట్టాడు. అప్పటికి మారిట్ ఊపిరి నిమిషానికి ఇరవై ఎనిమిది.

ఏడువందల తొమ్మిది.