అన్నానికి ముందు ఒక స్తోత్రం

మా చిన్నప్పుడు... నాన్న సున్నపు బట్టీ నుంచి రాగానే స్నానానికి నీళ్లు పోయకూడదు. ఒంటి మీద సున్నం పొడి ఉండగా తడి తగిలితే చర్మం కాలిపోతుంది. అందుకని అమ్మ ముందు పొడిగుడ్డతో తుడిచేది. తరువాత ఆముదం పట్టించేది. ఆ తరువాతే స్నానం... జుట్టు, కనుబొమ్మలు, చెవి మడతలు అన్నీ తెల్లగా ఉండేవి. మా చెల్లెలు రూతు "తాతొచ్చాడు, తాతొచ్చాడు" అని ఏడిపించేది.

మాది నడికుడి దగ్గర పల్లె. చర్చి వెనక వీధి. సత్తు గిన్నెల్లో అన్నం పెట్టాక మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. వెంటనే ఎవరూ ముద్ద ఎత్తకూడదు. ఆ రోజు దేవునికి దేని కోసం స్తోత్రం చెప్పాలో తలా ఒకటి చెప్పాలి. నిన్న చెప్పింది మళ్లీ చెప్పకూడదు. చెప్పనివాళ్లు తినకూడదు.

"ఆరోగ్యం ఇచ్చినందుకు, ఆహారం ఇచ్చినందుకు" అని తప్పించుకోబోతే అమ్మ ఒప్పుకునేది కాదు. "అయ్యి పాస్టరుగారు చెప్తార్లే. నీకేం జరిగిందో అది చెప్పు" అనేది.

దాంతో పగలంతా వెతుక్కునేవాళ్లం... రూతు ఒకసారి "ఇయ్యాల లెక్కల టీచర్ రాలా. స్తోత్రం" అంది. నాన్న నవ్వు ఆపుకోలేక గిన్నె కింద పెట్టేశాడు. ఆయన స్తోత్రాలూ అలాగే ఉండేవి.

"మేస్త్రికి గొంతు పోయింది. తిట్లు తప్పినయి. స్తోత్రం."

"దేవుడి దగ్గర పరాచికాలేందయ్యా" అని అమ్మ విసుక్కునేది. విసుక్కుంటూనే ఆమెన్ అనేది.

తరువాత నాన్నకు దగ్గు వచ్చింది. మొదట పొద్దున పూట. కొన్నాళ్లకు నడిస్తే. ఇంకొన్నాళ్లకు మాట్లాడితే... నరసరావుపేట తీసుకెళ్లి ఆసుపత్రిలో చూపించారు. ఊపిరితిత్తుల నిండా దుమ్ము పేరుకుపోయిందనీ, మందులతో బాధ కాస్త తగ్గుతుందే తప్ప నయం కాదనీ డాక్టరుగారు అమ్మకు దాచకుండా చెప్పారు. అమ్మ కూడా మా దగ్గర దాచలేదు.

నాన్న బట్టీ మానేశాడు. అమ్మ మిరపకోతలకు పోయేది. సాయంత్రం మండుతున్న చేతులతో వచ్చి వంట చేసేది. గిన్నెలు ముందు పెట్టి, ఎప్పటిలాగే "ఊఁ, చెప్పండి" అనేది.

పక్కింట్లో ఉండే మా మేనత్త ఎస్తేరు ఒక సాయంత్రం ఆ మాట విని గుమ్మంలో నిలబడింది.

"ఏమే, నా తమ్ముడు ఊపిరాడక చస్తంటే దేనికే నీ స్తోత్రాలు? ఆ దేవుడికి కళ్లు కనపడతన్నయ్యా?"

"కూర్చో వదినా, నువ్వూ ఇంత తిందువుగాని" అంది అమ్మ. అంతే... అత్త కూర్చోలేదు, వెళ్లనూ లేదు.

నాకు అత్త మాటే న్యాయంగా తోచింది. నా వంతు వచ్చినప్పుడు "నాకేం లేవు" అన్నాను.

"వెతుకు" అంది అమ్మ.

"లేవన్నాగా."

గిన్నె ముందు పెట్టుకుని అలాగే కూర్చున్నాను. అప్పుడు నాన్న మంచం మీద నుంచి, "నా దగ్గర రెండుండయి. ఒకటి వాడికిస్తా" అన్నాడు. ఒక్కో మాటకూ ఆగి గాలి పీల్చుకుంటున్నాడు.

"పడుకుంటే ఊపిరాడట్లా... రేత్రి మీయమ్మ నా వీపుకి వీపు ఆనిచ్చి కూర్చుంది. కాసేపు నిద్ర పట్టింది. అదొకటి..."

"రెండోది?" అంది రూతు.

"మీయమ్మ గురక పెట్టలా."

అమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నన్ను తినమని చెయ్యి ఊపింది. గుమ్మంలో ఉన్న అత్త కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

ఆ మర్నాటి నుంచి నేనూ వెతకడం మొదలుపెట్టాను. నాన్న చర్చి గేటు దాకా నడిచాడు. నాన్న ఆగకుండా నన్ను పేరుపెట్టి పిలిచాడు. నాన్న గంజి సగం తాగాడు... చెప్పుకోవడానికి దొరికేవి రోజురోజుకీ చిన్నవైపోయాయి. చివరికి ఆయన మంచం మీద లేచి కూర్చోవడమే పెద్ద సంగతి అయింది. అది కూడా రెండోసారి చెప్పే అవకాశం రాలేదు.

మిరపకోతలు అయిపోయిన వారం నాన్న పోయాడు. పాస్టరుగారు వాక్యం చదివారు. సంఘమంతా పాటలు పాడింది. సమాధుల తోటలో మట్టి వేసి ఇంటికి వచ్చాం.

సాయంత్రం అత్తే అన్నం వండి తెచ్చింది. గిన్నెల్లో పెట్టింది. ఎవరం ముట్టలేదు. అమ్మ గోడకు చేరబడి కూర్చుంది. "చెప్పండి" అనలేదు...

రూతు చిన్నపిల్ల. దానికి ఆకలిగా ఉంది. స్తోత్రం చెప్పకుండా తినకూడదని మాత్రం తెలుసు. కాసేపు మా ముఖాలు చూసింది. తరువాత చేతులు జోడించి కళ్లు మూసుకుంది.

"నాన్న ఇయ్యాల ఒక్కసారి కూడా దగ్గలా. స్తోత్రం."

ముందుగా ఆమెన్ అన్నది మా అత్త.

ఇప్పుడు మా ఇంట్లో ఎవరి వేళకు వాళ్లు తింటున్నారు. ఒక చేతిలో కంచం, ఒక చేతిలో ఫోను... అప్పుడప్పుడు పిల్లల్ని అడుగుతాను, ఈరోజు చెప్పుకోవడానికి ఏముందిరా అని. "ఏం లేదు నాన్నా, మామూలే" అంటారు.

ఆ జవాబుకు మా అమ్మ అయితే అన్నం పెట్టేది కాదు. నేను మాత్రం ఏమీ అనను. 'మామూలే' అని వాళ్లు అంత తేలిగ్గా చెప్పగలుగుతున్నందుకు నా స్తోత్రమేదో నేను లోపల చెప్పుకుని ముద్ద కలుపుకుంటాను...

మీ ఇళ్లలో అన్నం ముందు కూర్చుని ఏం చెప్పుకునేవాళ్లు? గుర్తుంటే రాయండి. ఎంత చిన్నదైనా సరే.