సుభాని గారి రెండు సీట్ల పడవ

సుభాని గారు ఏ వస్తువునైనా ఇద్దరు మనుషులు వాడి చూస్తే తప్ప కొనరు. ఆ ఇద్దరిలో మొదటి మనిషి ఆయన. రెండో మనిషి ఇరవై ఏళ్ళుగా నేనే.

గొడుగు కొనడానికి ఏలూరు మెయిన్ బజారుకు వెళితే, కొట్లోనే గొడుగు విప్పి, నన్ను పక్కకు లాక్కుని, అద్దాల బీరువాల మధ్య మూడు చుట్లు నడిపించారు. కొట్టాయన ఎండలో వాన కురిసినంత ఆశ్చర్యంగా చూశాడు.

"ఒక్కరికే కదండీ గొడుగు," అన్నాడు.

"ఒక్కడికైతే టోపీ చాలదా అండీ," అన్నారు సుభాని గారు.

హెల్మెట్ దగ్గర మాత్రం ఆయన విద్య పారలేదు. రెండు నిమిషాలు తాను పెట్టుకున్నారు, రెండు నిమిషాలు నాకు పెట్టారు. "మన తలలు ఒకలాంటివి కావండి గోపీనాథ్ గారూ," అని, స్నేహంలో ఏదో లోటు బయటపడినట్టు దిగులుగా తిరిగి ఇచ్చేశారు.

ఆయన భార్య జహీరా గారు టీ ఇస్తూ ఒకసారి చెప్పారు. "పెళ్ళిచూపులకీ మీరిద్దరే వచ్చారు అన్నయ్యగారూ. ఇద్దరూ ఒకేలా తలలు దించుకుని కూర్చున్నారు. పెళ్ళికొడుకు ఎవరో తెలియక రెండు రోజులు కంగారు పడ్డాను."

తంగెళ్ళమూడిలో తివాచీలు నేసే ఇల్లు వారిది. మగ్గం ముందు బల్ల మీద పక్కపక్కన కూర్చుని ముడులు వేసే పని. పక్కన ఇంకొక భుజం ఆనుతూ ఉంటేనే ఆయనకు రోజు రోజులా ఉంటుంది. పక్క ఖాళీ అయితే తివాచీలో రంగు తక్కువైనట్టు వెలితి.

ప్రతి ఆదివారం మేమిద్దరం కొల్లేటి కాలువల్లో గాలాలు వేసేవాళ్ళం. అద్దెకు తెచ్చిన తాటిదోనెలో నిలబడి నేను గెడ వేసేవాణ్ణి. ఆయన కూర్చుని, నన్నూ చేపల్నీ సమానంగా విసుక్కునేవారు. రెండువేల ఏడులో వట్లూరు గేటు దగ్గర స్కూటర్ మీంచి పడ్డాను. కుడి భుజం విరిగింది. డాక్టరు లోపల ప్లేటు వేసి, ఎముక బ్రహ్మాండంగా అతుక్కుందన్నాడు. అతుక్కుంది గానీ, చెయ్యి మాత్రం గుండె దాకా లేచి, అక్కడితో తన పని అయిపోయినట్టు ఆగిపోయేది.

సుభాని గారు వచ్చి, "ఆదివారం బయల్దేరండి. గెడ నేను వేస్తాను," అన్నారు.

"నన్ను బస్తాలా కూర్చోబెట్టి తిప్పుతానంటే రానండీ. నా వంతు నేను వేయగలిగితే వస్తాను. లేదంటే ఇక్కడితో సరి."

నిజంగానే అన్నాను. నా కోసం ఎవరైనా చెమటలు కక్కుతుంటే, ఎదురుగా కూర్చుని నీళ్ళ అందం చూడటం నా వల్ల కాదు. "అయితే పడవే మార్చాలి," అన్నారు సుభాని గారు.

కైకలూరులో శ్రీనివాసరావు గారని, చేపల చెరువులకు తవుడు, వలలు, పడవలు అమ్మే వ్యాపారి. కొట్టు వెనక సొంత చెరువుంది. కొనేవాళ్ళు అందులో దింపి చూసుకోవచ్చు. సుభాని గారికి అది స్వర్గంలా కనిపించింది.

మొదట కొత్త దోనె చూపించారు.

"ఒకరు గెడ వేస్తుంటే రెండో మనిషి ఏం చేస్తాడండీ?"

"కూర్చుంటాడండి."

"కూర్చోడానికి ఇంటి దగ్గర కుర్చీలున్నాయి. ఇంకొకటి చూపించండి."

తరవాత చెరువుల్లో మేత చల్లే ఫైబర్ పడవ. చెరో తెడ్డు పట్టుకున్నాం. ఎడమవైపు ఆయన, కుడివైపు నేను. పడవ గుండ్రంగా, తీరిగ్గా, గానుగెద్దులా తిరిగి బయల్దేరిన చోటికే వచ్చింది. మళ్ళీ వేశాం. మళ్ళీ వచ్చింది. నేను నా కుడి చేతి వైపు చూసుకున్నాను.

"ఈ పడవకి కుడివైపు లాగే జబ్బు ఉందండీ," అన్నారు సుభాని గారు ఎంతో ధీమాగా.

"ఇదే అచ్చులో నలభై అమ్మానండి," అన్నారు శ్రీనివాసరావు గారు.

"నలభై మందినీ పాపం ఇబ్బంది పెట్టారన్నమాట."

చివరికి షెడ్డు మూలనుంచి పసుపుపచ్చగా, సన్నగా, పొడుగ్గా ఒకటి బయటికొచ్చింది. సముద్రం ఒడ్డున మూతపడిన ఏదో రిసార్టు సామానులో వచ్చిందట. కయాక్ అంటారట. ఒకరి వెనక ఒకరికి రెండు సీట్లు, రెండు కొసలా రెక్కలున్న తెడ్లు. తెడ్డు గుండె ఎత్తు దాటి లేపక్కర్లేదు. నా చెయ్యి సంతోషంగా ఒప్పుకుంది.

"ముందాయన ఎలా వేస్తే వెనకాయన అలాగే వేయాలండి. లేదంటే తెడ్లు కొట్టుకుంటాయి," అన్నారు శ్రీనివాసరావు గారు. "బరువైన మనిషి వెనక కూర్చోవాలి."

నేను తొంభై రెండు కేజీలు. సుభాని గారు తడిసిన లుంగీతో కలిపి యాభై ఒకటి. అందరం నా వైపే చూశాం.

"వెనక సీటు నాది," అన్నారు సుభాని గారు.

"మీరు వెనక కూర్చుంటే పడవ ముక్కు నీళ్ళలోకి దిగిపోద్దండి."

"ముక్కు సంగతి నేను చూసుకుంటాను."

ముక్కు దిగింది. చెరువులో సగం నా ఒళ్ళోకి వచ్చింది. సీటు మారమని నేను బతిమాలాను, శ్రీనివాసరావు గారు బతిమాలారు. సుభాని గారు నీళ్ళు కారుతూ కొట్లోకి నడిచి, నలభై కేజీల తవుడు బస్తా ఒకటి పాలిథిన్ కవర్లో చుట్టించి, తన సీటు వెనక పెట్టించారు. పడవ తిన్నగా నిలబడింది.

"చేపల్ని పట్టడానికి వెళ్తా వాటికి మేత మోసుకెళ్ళే మనుషుల్ని ఇప్పుడే చూస్తన్నానండి," అన్నారు శ్రీనివాసరావు గారు.

"ఇంతకీ వెనక సీటు మీద అంత మోజు దేనికండీ?" అన్నాను.

"ఎవరైనా నా వెనక కూర్చుంటే నాకు వీపు దురద పెడుతుంది."

ఆ ఆదివారం పొద్దున్నే కొల్లేటి అంచున దిగాం. గూడబాతులు తెల్లటి ఉత్తరాల్లా నీళ్ళ మీద తేలుతున్నాయి. గుర్రపుడెక్క పూల మధ్య మా పసుపు పడవ గీత గీసినట్టు వెళ్ళింది. నేను వేస్తున్నాను, అది వెళుతోంది. ఏడాది తరవాత నా ఛాతీ నిండా గాలి పట్టింది. కుడి రెక్క నీళ్ళను తాకుతున్న చప్పుడు చిన్నగానే ఉంది కానీ, పడవ మాత్రం పక్కకు జరగలేదు.

"ఏవండీ గోపీనాథ్ గారూ, కొంచెం నెమ్మదండీ. మీ జోరు నేను అందుకోలేను," అంటున్నారు వెనకనుంచి.

"అలవాటు పడాలి సుభాని గారూ," అన్నాను గొప్పగా.

అరగంటకు భుజం సలిపింది. తెడ్డు మెల్లగా ఒళ్ళో పెట్టుకున్నాను. పడవ ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. అదే వేగం.

సూర్యుడు మా వెనక ఉన్నాడు. ఎదుటి నీళ్ళ మీద మా నీడలు పొడుగ్గా పరుచుకుని ఉన్నాయి. నా లావు నీడ మధ్యలో కదలకుండా ఉంది. దాని పక్కనుంచి ఒక సన్నని రెక్క పైకి లేస్తోంది. ఎడమవైపు ఒకసారి, కుడివైపు రెండుసార్లు. మళ్ళీ ఎడమవైపు ఒకసారి, కుడివైపు రెండుసార్లు.

నా వీపు ఎంత వెడల్పో నాకు తెలుసు. దాని వెనక కూర్చున్న మనిషికి, ముందున్న తెడ్డు నీళ్ళలో ఉందో ఒళ్ళో ఉందో కనిపించదు.

"అబ్బ, ఎలా తోస్తున్నారండీ," అంది వెనకనుంచి రొప్పుతున్న గొంతు. "ఆ చేతికి ప్లేటు వేశారా, మోటారు వేశారా? కాస్త తగ్గించండి బాబూ."

వెనక్కి తిరగలేదు. తిరిగితే నా ముఖం చూసి పట్టేస్తారు.

"సరేనండీ," అన్నాను. "మీ కోసం తగ్గిస్తాను."

తెడ్డు తీసి, చప్పుడు వినపడేలా ఒకసారి నీళ్ళలో ముంచాను.

"ఆఁ, ఇప్పుడు బాగుందండి," అన్నారు సుభాని గారు.