మరక పడ్డ చోటు

మొన్న నందిగామలో బ్యాంకుకి వెళ్ళాను. పింఛను తీసుకునేవాళ్ళం బతికే ఉన్నామని ఏటా ఒకసారి కాగితం మీద ఒప్పుకోవాలి గనక ఆ పని మీద వెళ్ళాను. పక్కన నిలబడ్డ కుర్రాడు పెన్ను అడిగితే సంచిలోంచి తీసి ఇచ్చాను. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీన్ని ఎక్కడ నొక్కాలండీ?" అన్నాడు. నేనే మూత తిప్పి ఇచ్చాను. పాళీని వెల్లకిలా పట్టుకుని గట్టిగా అదిమేసరికి అతని కాగితం మీద రూపాయి బిళ్ళంత మరక పడింది. "అయ్యో, మీ పెన్ను పాడు చేసేశానా అండీ," అన్నాడు పాపం. పెన్నుకేమీ కాలేదన్నాను గానీ, నా కళ్ళు ఆ మరక మీదే ఉండిపోయాయి. అంచుల నుంచి మెల్లగా పాకుతున్న సిరా చూస్తే నా ఒళ్ళు ఇప్పటికీ ఒక్కసారి చల్లబడుతుంది. ఎందుకో చెప్పాలంటే మా బాబాయి గురించి చెప్పాలి.

మా అమ్మకి ఆఖరి చెల్లెలు మా పిన్ని. నాకంటే కొద్ది ఏళ్ళే పెద్ద. ఆమె భర్త మా బాబాయి, జగ్గయ్యపేట దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో యంత్రాల నక్షాలు గీసే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. కంప్యూటర్లు వచ్చి నక్షాల బల్లని మూలకి నెట్టాక ఆ బల్లని ఇంటికి తెచ్చుకుని వసారాలో వేసుకున్నాడు. దాని మీదికి పాత సిరా పెన్నులు చేరడం మొదలైంది. లాయర్ల ఇళ్ళలోంచి, మూసేసిన పుస్తకాల షాపుల్లోంచి, ఎవరో పోయాక వాళ్ళ పిల్లలు ఖాళీ చేస్తున్న బీరువాల్లోంచి తెచ్చేవాడు. నల్ల రబ్బరు పెన్నులు ఎండకి వెలిసి టీ డికాషన్ రంగుకి తిరిగి ఉండేవి. వాటిని గోరువెచ్చని నీళ్ళలో వేస్తే ఇంట్లో గంధకం కాలినట్టు వాసన. లోపల ఎప్పుడో ఎండిపోయిన సిరా దారాల్లాగా కదిలి బయటికొచ్చేది. "చూడమ్మా, ఎవరు రాయకుండా వదిలేసిన మాటలో," అనేవాడు. పిన్ని మాత్రం ఆ గిన్నె వంకే చూసేది. "మాటలు సరే, అది నేను పాలు కాచే గిన్నె," అనేది. వాళ్ళింట్లో తెల్ల దుప్పటి అనేది నేనెప్పుడూ చూడలేదు.

నేను నందిగామ ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా రిటైరయ్యాక ఏమీ తోచక ఇంట్లో అల్మారాలు సర్దినవే సర్దుతుంటే, బాబాయే నన్ను ఇందులోకి దింపాడు. "ఇన్నేళ్ళు పసిపిల్లల నరాలు వెతికి సూది గుచ్చినదానివి, పాళీ సర్దలేవా?" అన్నాడు. వంకర పోయిన పాళీని బొటనవేలి గోరుతో సర్దడం, దాని కింద నాలుకలా ఉండే ముక్కని సరిగ్గా అమర్చడం, మొన గరుకు తేలితే నున్నటి రాయి మీద సున్నాలు చుట్టి సాఫీ చేయడం అన్నీ నేర్పాడు. బాగుచేసిన పెన్నుతో సంతకం పెట్టి ఊరుకుంటే ఆయనకి నచ్చదు. బొమ్మ వేయాలి. ఆదివారం చర్చి అయ్యాక ఆయన పేట నుంచి మోపెడ్ మీద, నేను నందిగామ నుంచి బస్సులో చిల్లకల్లు చేరేవాళ్ళం. హైవే పక్కన టీ హోటలు బెంచీ మీద కూర్చుని లారీలనీ, సున్నపురాయి దుమ్ము పట్టి తెల్లబడ్డ వేపచెట్లనీ, టైర్ల మీద కునుకుతీసే క్లీనర్లనీ గీసేవాళ్ళం. నా లారీలు అగ్గిపెట్టెల్లా వచ్చేవి. ఆయన చూసి, "టైర్లు బాగున్నాయి," అనేవాడు. ఆయన అబద్ధం చెప్పడు గనక ఆ రోజుకి ఆ టైర్లే నాకు చాలు.

ఒకరోజు పొద్దున అదే బల్ల దగ్గర పెన్ను మూత తిప్పుతూ తిప్పుతూ ఆగిపోయాడట. పిన్ని వచ్చి చూసేసరికి కుర్చీలో కుడివైపుకి ఒరిగి ఉన్నాడు. బెజవాడ తీసుకెళ్ళాం. ప్రాణం నిలిచింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. ఇలాంటివి ఉద్యోగంలో ఎన్నో చూశాననుకున్నాను. కానీ తెల్లటి మంచం మీద ఆ చెయ్యి ఎవరో మరిచిపోయి వెళ్ళిన వస్తువులా పడి ఉండటం చూసి, నాడి పట్టుకుని కూడా లెక్కపెట్టలేకపోయాను.

మాట పూర్తిగా పోలేదు. ఒక్కటి మిగిలింది. "సర్లే." ఎక్కడి నుంచి వచ్చి ఆయన నాలిక మీద కూర్చుందో గానీ, ఆయన నోరు తెరిస్తే అదే మాట. అన్నం తింటారా అంటే సర్లే. నొప్పిగా ఉందా అంటే సర్లే. పాస్టరుగారు వచ్చి కళ్ళు మూసుకుని చాలాసేపు ప్రార్థన చేసి ముగిస్తే, అందరూ ఆమెన్ అనేలోపు ఆయన గట్టిగా "సర్లే" అన్నాడు. పాస్టరుగారు కళ్ళు తెరిచి, ప్రభువుకి అదీ అర్థమవుతుందిలే అన్నారు. మేం నవ్వాం, నవ్వాక గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాం. దేనికైనా ఒకటే జవాబు కావడంతో ఆయనకేమీ తెలియడం లేదని అందరం అనుకున్నాం. హైదరాబాదు నుంచి వచ్చిన కొడుకూ కోడలూ, చూడటానికొచ్చిన చుట్టాలూ ఆయన మంచం మీదే కూర్చుని ఆయన గురించి ఊళ్ళో లేని మనిషి గురించి మాట్లాడినట్టు మాట్లాడేవాళ్ళు. పిన్ని మాత్రం ఆయనతోనే మాట్లాడేది. మధ్యాహ్నాలు చచ్చుబడ్డ చేతికి నూనె రాస్తూ పాలవాడి సంగతి, పక్కింటి గొడవ, పప్పు ఉడకకపోవడం అన్నీ చెప్పేది. అది ఆమెకి అలవాటులే అనుకునేదాన్ని.

ఎడమ చేతికి ఏదైనా పని ఇవ్వాలని నాకు తోచింది. ఆయన పెన్నుల్లో ఒకటి తీసుకెళ్ళి ఇచ్చాను. కుడిచేతి వాటానికి అరిగిన పాళీ ఎడమ చేత్తో తోస్తే కాగితాన్ని గీరుతుంది. ఆయన రెండు గీతలు గీసి చిరాగ్గా పడేశాడు. నేను దాన్ని నందిగామ తెచ్చుకుని, ఎడమ చేత్తో నేనే గీసి చూసుకుంటూ, మొనని రెండో వైపుకి అరగదీశాను. మళ్ళీ తీసుకెళ్ళి ఇస్తే మొదట కిటికీ ఊచలు గీశాడు. అవి చలికి వణుకుతున్న ఊచల్లా ఉన్నాయి. పిన్ని వాటిని చూసి కొంగు నోట్లో పెట్టుకుంది. తరవాత తరవాత చెయ్యి కుదిరింది. మంచం ఎదురుగా ఎప్పుడూ ఉండేది పిన్నే గనక పిన్ని బొమ్మలే వచ్చాయి. గోంగూర వలుస్తూ పిన్ని, ఫోను చెవికి ఆనించి పిన్ని, కునుకుపాట్లు పడుతూ పిన్ని.

ఆ బొమ్మల మీద సిరా మరకలు పడుతున్నాయి. అది నాకు వింతగా తోచలేదు. కడుపు నిండా సిరా పోసుకునే పాత పెన్నులు, సిరా తగ్గాక చేతి వేడి తగిలితే ఒక బొట్టు కక్కుతాయి. పెన్ను ఇంటికి తెచ్చాను. మరలు శుభ్రం చేసి మైనం పట్టించాను. సగం సిరా పోసి, పాళీ కిందికి ఉండేట్టు గుప్పిట్లో పట్టుకుని ఒక మధ్యాహ్నమంతా కూర్చున్నాను. కింద పరిచిన పాత గుడ్డ మీద ఒక్క చుక్క పడలేదు. నా పనితనానికి నేనే మురిసిపోయి, ఆ ఆదివారం చర్చి అవగానే పేట బస్సెక్కాను.

పెన్ను బాబాయికిచ్చి పిన్నితో కబుర్లలో పడ్డాను. పిన్ని వంటింట్లోకి వెళ్ళాక చూస్తే, కొత్త బొమ్మ మీద మళ్ళీ మరక. "మళ్ళీ కారిందా బాబాయ్? బాగుచేశా గదా," అన్నాను. "సర్లే," అన్నాడు. ఎప్పుడూ అనే సర్లే కాదది. పళ్ళు బిగించి అన్నాడు. అంతకుముందు బొమ్మలన్నీ దిండు కింద నుంచి ఎడమ చేత్తో లాగి నా ఒళ్ళోకి తోశాడు. ఒక్కొక్కటీ చూశాను. కూర్చున్న పిన్ని, పడుకున్న పిన్ని, నిలబడ్డ పిన్ని. ప్రతి దాంట్లోనూ మరక ఎడమ భుజానికి కాస్త కింద, ఒకే చోట ఉంది. కారే పెన్ను చోటు చూసుకుని కారదు. నేను తలెత్తేసరికి ఆయన ఇంకో కాగితం మీద నాలుగు గీతల్లో ఆడమనిషిని గీసి, ఆ చోట పాళీ ఆనించి అలాగే పట్టుకున్నాడు. సిరా పాకుతోంది. ఆయన కాగితం వంక చూడటం లేదు, నా కళ్ళలోకి చూస్తున్నాడు. తరవాత పెన్ను వదిలేసి, ఎడమ చెయ్యి తన రొమ్ము మీద ఎడమ పక్కన పెట్టుకుని, వేలితో ఒక చిన్న సున్నా చుట్టి, వంటింటి వైపు చూపించాడు. "సర్లే," అన్నాడు. ఆయన చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి.

కాగితాలు మంచం మీద పెట్టి లేచాను. తిన్నగా వంటింట్లోకి వెళ్ళాను. పిన్ని చేపల పులుసు రుచి చూస్తోంది.

"పిన్నీ, నీ రొమ్ములో ఏదన్నా గడ్డ ఉందా?" అన్నాను.

ఆమె చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "నీకెవరు చెప్పారే?" అంది.

"బాబాయి."

"ఆయనా? ఆయనెట్టా చెబుతారే?" అంది. స్టవ్ కట్టేసి, అక్కడే పీట మీద కూలబడింది. "ఒక్క ఆయనకే చెప్పానే. ఆయనకేం తెలుస్తదిలే అని చెప్పుకున్నా. రోజూ చెప్పా. ఇయ్యాళ కాస్త పెరిగినట్టుందండీ, భయంగా ఉందండీ అని. ఎవరితో అనకుండా ఎట్టా ఉండేది? అబ్బాయికి చెబితే ఆసుపత్రంటాడు. నేనూ మంచం ఎక్కితే ఈయన్ని ఎవరు చూస్తారే?"

తలుపు వేసి, రవిక విప్పించి చూశాను. రేగ్గింజంత, గట్టిగా, వేలికి కదలకుండా ఉంది. ఎన్ని వందలమందిని ముట్టుకున్న వేళ్ళు నావి. ఆ గింజ తగలగానే అదేమిటో వాటికి తెలిసింది. అది ఒక దెబ్బ. దాని వెనకే ఇంకొకటి. అంటే ఆయనకి అన్నీ తెలుస్తున్నాయి. ఇన్ని నెలలూ ఆ మంచం చుట్టూ మేం అన్న ప్రతి మాటా, ఈ మనిషి ఇంకెన్నాళ్ళు అన్న మాటతో సహా, ఆయన విన్నాడు. విని సర్లే అన్నాడు. తన గురించి ఒక్క బొమ్మ వేయలేదు. వంటింటి గుమ్మంలో నిలబడి ఆయన వంక చూస్తే, కొత్త మనిషిని చూసినట్టనిపించింది.

మర్నాడే కొడుకుని పిలిపించి పిన్నిని బెజవాడ తీసుకెళ్ళాం. ముక్క తీసి పరీక్ష చేశారు. క్యాన్సరే. డాక్టరమ్మ స్కాన్ ఫిల్ములు చూసి, ఇంకా పక్కకి పాకలేదు, తొందరగానే వచ్చారు గనక సరిపోయింది అంది. ఎవరు గమనించారు అని అడిగింది. మా ఆయన చెప్పారండీ అంది పిన్ని. మంచి ఆయనమ్మా, మాట్లాడి ఒప్పించి తీసుకొచ్చాడన్నమాట అంది డాక్టరమ్మ. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

ఆపరేషన్ అయింది. ఆ నెలలన్నీ నేను పేటలోనే ఉండి ఇద్దర్నీ చూసుకున్నాను. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు పిన్ని తిన్నగా ఆయన మంచం దగ్గరికి వెళ్ళి, "నమ్మి చెబితే ఊరంతా చాటేశారు గదా. ఇక మీకేం చెప్పను చూడండి," అంది. ఆయన సర్లే అన్నాడు. సాయంత్రానికి మళ్ళీ పక్కన కూర్చుని ఆసుపత్రి క్యాంటీనులో ఇడ్లీ ఎంత గట్టిగా ఉందో మొదలుపెట్టి అన్నీ చెప్పింది. మందులకి ఆమె జుట్టంతా రాలిపోయింది. అద్దం బీరువాలో పెట్టించేసింది. ఆయన మాత్రం రెండు రోజులు తేరిపార చూసి, ఉన్నది ఉన్నట్టు గుండుతోనే గీశాడు. ఆ బొమ్మ పిన్నికి ఇవ్వడానికి నాకు భయమేసింది. పిన్ని దాన్ని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసి, "చెవికమ్మలు మరిచిపోలేదు చూడవే. నేనింత బాగున్నానా?" అంది. అద్దం మళ్ళీ బయటికి వచ్చింది.

అందరం ఆయనతో మాట్లాడటం నేర్చుకున్నాం. అవును కాదు అని రెండు గీతలు పెట్టి అడిగితే వేలితో చూపించేవాడు. కొడుకు ఒకసారి ఆ మంచం దగ్గర కూర్చుని ఏమేమి చెప్పుకున్నాడో నాకు తెలియదు గానీ, లేచేసరికి వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నిరుడు చలికాలంలో రెండోసారి వచ్చిన పక్షవాతంతో బాబాయి పోయాడు. పిన్నికి గడ్డ మళ్ళీ రాలేదు. జుట్టు వచ్చింది, ముందుకంటే ఒత్తుగా, కాస్త ఉంగరాలు తిరిగి.

ఇప్పుడు పిన్నే నెలకోసారి పేట నుంచి నందిగామ వస్తుంది. వద్దన్నా పచ్చడి సీసా తెస్తుంది. నేను పెన్నులు విప్పుకుంటుంటే ఎదురుగా కూర్చుని ఆగకుండా కబుర్లు చెబుతుంది. సాయంత్రం బస్టాండు దాకా వెళతాను. చెయ్యి అందించబోతే విదిలించేసి, కమ్మీ పట్టుకుని తనే ఎక్కి, కిటికీ పక్క సీటు కోసం ఎవరితోనో వాదిస్తుంది. ఈ రోజులు మా లెక్కలో లేనివి. అయినా వస్తున్నాయి, ఒకదాని వెనక ఒకటి, మామూలు రోజుల్లాగే. కాలం ఎంత మామూలుగా నడుస్తుందో చూస్తే, అన్నిటికంటే దానికే నేను ఇంకా నివ్వెరపోతుంటాను.