రేడియోలో చదవని పేరు

శంషాబాద్‌కు విమానాశ్రయం వచ్చిన రెండో ఏడు. బస్సులో నేను టికెట్ అడగగానే పక్క సీటు పెద్దాయన నావైపు తిరిగాడు.

"మీ గొంతు రేడియోల విన్నట్టే ఉన్నది సారూ. పల్లెపాటల ప్రోగ్రాం చెప్పేటోళ్లు మీరేనా?"

నేనే. జానపదాలు, నాటికలు, హాస్యం కలిపి వారానికో అరగంట ఏళ్లపాటు నడిపాను. గర్వంగా తలూపబోతుండగా ఆయనే అందుకున్నాడు.

"మేం ఆరుగురం పాడినం. పేర్లన్నీ కాగితం మీద రాసిచ్చినం. పాటొచ్చిన రోజు మామిడిపల్లిల మా వాడంతా రేడియో కాడ కూసున్నది. మా జట్టు పెద్దమనిషి పేరొక్కటి చెప్పి, మిగిలినోళ్లను 'బృందం' అన్నరు. 'నీ పేరేది బిడ్డా?' అని మా అమ్మ అడిగింది. టైం లేకుండె గావచ్చు, పాపం."

టైం ఉండేది. మిగిలిన నిమిషాలను వేణువుతో నింపేవాణ్ణి. ఆ పేర్లన్నీ చదవడమే నాకు విసుగు.

"నేను కాదండీ. నాది బ్యాంకు ఉద్యోగం" అన్నాను.

"గట్లనా" అని నవ్వాడాయన.

సాతంరాయి దాకా పక్కపక్కనే కూర్చున్నాం. ఆయన దిగి వెళ్లాక తెలిసింది, అప్పుడు చదవని ఆ పేరును ఈసారి అడగనూ లేదని.