ప్రార్థన వేళ మల్టీమీటరు

మా బావమరిది శామ్ బద్వేలు దగ్గర ఒక హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాడు. ఆదివారాలు ఊరిబయటి చర్చిలో గిటారు వాయిస్తాడు. మిగిలిన సమయంలో, అంటే అతని భార్య రత్నమణి లెక్క ప్రకారం ఇరవై నాలుగ్గంటలూ, వరండాలో టంకం పొగ పీలుస్తుంటాడు. ఇలాంటివాళ్ల గురించి రాసేటప్పుడు 'మారుమూల మేధావి' అనడం మన పత్రికల ఆనవాయితీ. శామ్ మేధావి కాదు. ఆ మాట మొదట ఒప్పుకునేది అతనే.

అంగట్లో కొన్న ఆంప్లిఫయర్లో గిటారు ప్లాస్టిక్ బకెట్టు మీద దరువేసినట్టు వినబడుతుందని, పాత రేడియోల్లో ఉండే గాజు వాల్వులు సంపాదించి సొంతంగా ఒకటి కట్టాడు. పెట్టె చెక్క మా ఇంటి పాత టీవీ స్టాండుది. ఈ వ్యవహారంలో నా అర్హత ఆ చెక్క దగ్గరే ఆగిపోయిందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆంప్లిఫయర్ బాగానే పలికేది, ఒక్క ఆదివారం ఉదయం తప్ప. ఇంట్లో గిటారు తప్ప వేరే మోత లేదు. శనివారం సాయంత్రం చర్చికి తీసుకెళ్లి చూసినా అంతే. ఆదివారం ఆరాధన మొదలవగానే మాత్రం తేనెతుట్టెను కదిలించినట్టు గుంయ్‌మని ఒకటే మోత. రెండు నెలలు ఓపిక పట్టిన సంఘపెద్ద దావీదురాజు చివరికి తేల్చేశారు.

"శామూ, ఆ మోతలో పాస్టరు అయ్యగారి వాక్యం ఎవురికీ ఇనపడల్యా. కోత పండగ దినం గూడా ఇట్లే అయితే కీబోర్డు తెచ్చుకుంటాం. దాంట్లో గిటారు గూడా ఉండాదంట, మీట నొక్కితే సాలు."

పదిహేనేళ్లుగా ఆ చర్చిలో గిటారంటే శామ్. ఇప్పుడు పోటీ ఒక మీటతో. ఆ వారం అతను అన్నం సహించక చిక్కిపోయాడని మా ఆవిడ జెస్సీ కళ్లు తుడుచుకుంది. ఫోన్ చేస్తే రత్నమణి అంది: "తిన్యాడు వదినా. మాట్లాడకుండా తిన్యాడు, అంతే."

మోత ఎక్కడ పుడుతోందో శామ్‌కు తెలుసు. రెగ్యులేటర్ దగ్గర. పైనుంచి కరెంటు ఎంత ఎగుడుదిగుడుగా వచ్చినా వాల్వుకు ఒకే మోతాదు అందించాల్సిన చిన్న సర్క్యూట్ అది. అందులోని మూడు కాళ్ల బిళ్లను మార్చాడు. కెపాసిటర్లు మార్చాడు. మళ్లీ బిళ్లను మార్చాడు. మార్చిన ప్రతిసారీ జబ్బు శనివారం నయమై ఆదివారం తిరగబెట్టేది.

అప్పుడు రంగంలోకి దిగాను నేను. నాది అర్థశాస్త్రం. నాలుగు వీడియోలు చూసి, చర్చికి ఎర్తు సరిగ్గా లేదని తీర్పు చెప్పాను. మిట్ట మధ్యాహ్నం ఇద్దరం గోడ పక్కన గుంత తవ్వాం. తవ్వాం అనడం గొప్పే. గడ్డపార రాతికి తగిలి ఎగిరొచ్చేది, మేము వెనక్కి గెంతేవాళ్లం. మోకాలి లోతుకు బొగ్గూ ఉప్పూ పోసి, నీళ్లు కొట్టి, ప్లేటు పాతాం. ఆదివారం మోత ఇంకొంచెం పుష్టిగా వచ్చింది.

"ఉప్పు ఎక్కువైనట్టుండాది బావా," అన్నాడు శామ్.

చర్చి కమిటీ ప్రత్యేక ప్రార్థన పెట్టింది. యంత్రం కోసం దేవుణ్ణి ఇబ్బంది పెట్టడం ఏమిటని నేను గొణిగాను గానీ, గుంత తవ్వించిన మనిషికి ఆ మాట అనే హక్కు లేదు.

చివరికి శామ్‌కు తట్టింది: ఆదివారం వచ్చే జబ్బుకు శనివారం నాడి పడితే ఏం తెలుస్తుంది? మరుసటి ఆదివారం పెట్టె వెనక పలక విప్పుకుని చర్చికి వచ్చాడు. అయ్యగారి సుదీర్ఘ ప్రార్థన మొదలై అందరూ కళ్లు మూసుకోగానే ఆంప్లిఫయర్ వెనక మోకరించాడు. కుడిచేతిలో మల్టీమీటరు ముల్లు, ఎడమచెయ్యి ప్యాంటు జేబులో. లోపల కొన్ని చోట్ల వందల ఓల్టులు ఉంటాయి. రెండు చేతులూ పెడితే కరెంటు గుండె మీదుగా పోతుందని ఆ పని చేసేవాళ్లు ఒక చెయ్యి జేబులో దాచుకుంటారు. ఒక కన్ను తెరిచిన దావీదురాజుకు మాత్రం, దేవుని సన్నిధిలో జేబులో చెయ్యి పెట్టుకుని మోకరించిన మొదటి విశ్వాసి కనబడ్డాడు.

ఇంట్లో రెగ్యులేటర్‌కు పది ఓల్టులు వస్తున్నాయి. ఇక్కడ ఎనిమిది కూడా లేవు. శామ్ తల ఎత్తి కిటికీలోంచి చూశాడు. బయట టమాటా మడుల్లో బోరు నీళ్లు బుసబుసా పోతున్నాయి.

"మోటార్లు!" అన్నాడు గట్టిగా.

"ఆమేన్," అన్నారు వెనక బెంచీలో ఎవరో.

ఇళ్లకు ఇప్పుడు వేరే లైను ఉంది. చర్చికి కరెంటు వచ్చేది పొలాల ట్రాన్స్‌ఫార్మర్ నుంచి. పొద్దున మోటార్లన్నీ ఒక్కసారి వేస్తే ఓల్టేజి కూలబడుతుంది. రెగ్యులేటర్ తనకు వచ్చేదాంట్లోంచే వాల్వుకు ఆరు ఓల్టులు ఇవ్వాలి, పైగా తన పని జరగడానికి ఇంకో రెండు మిగలాలి. అవి మిగలకపోతే చేతులెత్తేసి, మోతను వాల్వులోకి వదిలేస్తుంది. ఒకప్పుడు మిక్సీ కూడా మోటార్ల టైము చూసుకుని వేసిన ఊరు మాది. అక్కడ పుట్టి పెరిగిన ఫిజిక్సు మాస్టరూ, రైతుల కరెంటు మీద పరిశోధనా వ్యాసం రాసిన నేనూ, శనివారం సాయంత్రం మోటార్లు ఆపాక పరీక్షలు చేసుకుంటూ కూర్చున్నాం.

ఆంప్లిఫయర్ లోపల ఉన్న సొంత ట్రాన్స్‌ఫార్మర్‌కు ఇంకొన్ని చుట్లు వేయించి, రెగ్యులేటర్‌కు అందే ఓల్టులు పెంచితే చాలు. కడపలో మోటార్లు చుట్టే ఇమాం బాషా దగ్గరికి దాన్ని నేనే మోసుకెళ్లాను. ఆయన చేత్తో ఎత్తి చూసి, "ఏంది సార్, గిటారుకా ఇది? నేనింగా మీరు పిండిమర పెట్టినారనుకుంటి," అన్నాడు.

కోత పండుగ రోజు. బలిపీఠం ముందు గుమ్మడికాయలు, జొన్న కంకులు, కాళ్లు కట్టేసిన కోళ్లు. బయట మోటార్లు ఆడుతున్నాయి. శామ్ స్విచ్చి వేశాడు. వాల్వులు ఎర్రబడ్డాయి. మోత లేదు. అయ్యగారు కూడా ఒక క్షణం ఆగి విన్నారు. నేను, ఏదో నేనే కట్టినట్టు, చుట్టూ చూశాను.

పాట మొదలైంది. ఆ తేట నిశ్శబ్దంలో ప్రతి తీగా విడివిడిగా వినబడింది. స్వరం మారాల్సిన చోటల్లా గాయకబృందం ముందు మారుతోంది, గిటారు కాసేపు ఆలోచించి మారుతోంది. మూడో చరణానికి పిల్లలు వెనక్కి తిరిగి చూశారు. మునుపు చర్చి హారన్ స్పీకరు గరగరలో, ఆ తర్వాత ఈ గుంయ్‌లో, మా శామ్ వాయించేది ఎవరికీ సరిగా వినబడలేదన్నమాట. అతనికి కూడా. ఇంట్లో ఒక్కడే వాయించుకుంటే వెనకబడ్డానికి పాడేవాళ్లే ఉండరు.

ఆరాధన అయ్యాక దావీదురాజు వచ్చారు. "శబ్దం శానా తేటగా ఉండాది శామూ. శానా." గొంతు సవరించుకున్నారు. "అది సరే గానీ, రెండో పాటలో నువ్వు మాతో వస్తివా, యెనకాల వస్తివా?"

"యెనకాలే వస్తిని అన్నా," అన్నాడు శామ్. "ఎప్పుడూ యెనకాలే వస్తాంటినేమో. ఈ పొద్దు నాక్కూడా ఇనపడింది."

పెద్దాయన నవ్వాపుకోలేకపోయారు. కీబోర్డు సంగతి క్రిస్మస్ దాకా వాయిదా పడింది. ఈలోగా శామ్ పాటను అందుకోవాలి, లేకపోతే మీట వస్తుంది.

మొన్న ఫోన్ చేశాను, ఎలా ఉందని.

"ఆంప్లిఫయర్ బాగైంది బావా. మనిషే ఇంగా రిపేర్లో ఉండాడు," అన్నాడు.

ఫోను స్పీకర్లో పెట్టి మళ్లీ గిటారు అందుకున్నాడు. పక్కన రత్నమణి చేత్తో తాళం వేస్తున్న చప్పుడు వినిపిస్తోంది. అది ఆగింది.

"మల్లా లేటు," అంది.