టైరుకు అస్తరు

హుమాయున్‌ను గొప్ప పనివాడనడం కొంచెం ఎక్కువే అవుతుంది. చేసిన పనిని మరోసారి చేత్తో తడిమి చూసుకునే మనిషి, అంతే. ప్రొద్దుటూరులో అతని టైర్ల అంగడి ముప్పై ఏళ్లుగా ఆ చేతి మీదే నడుస్తోంది. ఇప్పుడు అతనికి ఆ చేతి మీదే నమ్మకం పోతోంది.

గండికోటలో యాత్రికులను జీపులో తిప్పే యూనుస్ ఊళ్లోనే వెల్డింగు చేయించి ఒక పెద్ద చక్రానికి బీడ్‌లాక్ పెట్టించాడు. టైరు అంచును బోల్టులతో అదిమిపట్టే ఇనుప వలయం అది. రాళ్లలో గాలి తగ్గించి నడిపినా అంచు జారదు. లోపలి ట్యూబు బిగించింది హుమాయున్. రెండో రోజే అది చిరిగింది. మళ్లీ వేసినదీ చిరిగింది, ఈసారి బండి నిండా మనుషులుండగా. ఎవరికీ దెబ్బ తగలకపోవడం అదృష్టం. యూనుస్ ఆ చక్రాన్ని తెచ్చి అంగడి ముందు పడేశాడు.

"ఏంది మామా, కండ్లు కనపడతాండాయా లేదా? ట్యూబు రింగు కింద ఇరుక్కుంటాంది!"

"ఇరుక్కోల్యాదప్పా. కొంచెం గాలి పట్టి, గుండ్రంగా అయినాకనే లోపల పెట్టినా. బోల్టులు ఎదురెదురుగా బిగించినా."

"మరి పిల్లి గీకిందా?"

హుమాయున్ చక్రాన్ని లోపలికి దొర్లించుకుపోయాడు. మూడోదీ పోతే అంగడి మూసేయాలని లోలోపల నిశ్చయించుకున్నాడు. మనిషి తన తప్పును తన చేయి పడిన చోటే వెతుకుతాడు. చేయి పడని చోటు అతనికి తోచదు.

మధ్యాహ్నం అన్నం తెచ్చిన భార్య ఖమ్రున్నీసా చిరిగిన ట్యూబులు రెండూ పక్కపక్కన పరిచింది. ఆమె ఇంట్లో బుర్ఖాలు, రవికలు కుడుతుంది.

"రెండూ ఒకే తావున పోయినాయి. ఇది నలిగిన చిరుగు కాదు, ఒరుసుకున్న చిరుగు. రవిక చంకలో కుట్టు ఒరిసినట్ల."

"రబ్బరుకు చంక యాడుందే?"

"నవ్వింది చాలు గానీ, రవిక లోపల గుడ్డ వేసినట్ల దీనికి అస్తరు వేసినావా?"

హుమాయున్ చేతిలోని ముద్ద అట్లే ఆగిపోయింది. లారీ చక్రంలోనైతే ట్యూబుకూ ఇనుముకూ మధ్య రబ్బరు పట్టీ వేస్తాడు. జీపుకు ఏనాడూ వేయలేదు. ఊళ్లో ఎవరూ వేయరు. చేయి కడుక్కుని చక్రం లోపలి వైపు వేళ్లతో తడిమాడు. వెల్డింగు అతుకు దగ్గర బియ్యపు గింజంత మొన వేలికి గుచ్చుకుంది.

దాన్ని ఆకురాయితో నున్నగా అరగదీశాడు. పాత లారీ ట్యూబు కోసి చక్రం చుట్టూ పట్టీగా పరిచాడు. కొత్త ట్యూబుకు ఒరుసుకోకుండా పౌడరు పూసి లోపల పెట్టాడు. గాలి నింపి, వదిలి, మళ్లీ నింపాడు. ముడతలన్నీ సర్దుకున్నాయి.

ఎనిమిదో రోజు యూనుస్ అంగడి ముందు దిగాడు. హుమాయున్ చేతిలో పని వదిలి లేచాడు.

"మళ్లీ పోయిందా?"

"పోతే నవ్వుకుంటా వస్తానా మామా? రోజూ రాళ్లలోనే తిప్పినా. మిగతా మూడింటికీ రింగులు పెట్టిస్తాండా. వాటికీ ఆ అస్తరు వెయ్."

హుమాయున్ అంత తేలిగ్గా నమ్మలేదు. చక్రం విప్పించి, ట్యూబు బయటికి తీసి, కళ్లు మూసుకుని అరచేతితో ఒక చుట్టు తడిమాడు. ఎక్కడా ఏమీ తగల్లేదు.