ఆరున్నర అని చెప్పాను

నాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. అందుకే సినిమాల్లో కో-డైరెక్టర్‌నయ్యానో, అయ్యాక ఇలా తయారయ్యానో ఇప్పుడు చెప్పలేను. ఎవరు ఎన్నింటికి రావాలి, ఎవరు ఇంకా రాలేదు, వచ్చినవాళ్లు మేకప్ గదిలో ఎంతసేపట్నుంచి ఉన్నారు, రోజంతా ఇదే గోల. గడియారం చూడకుండా అన్నం ముద్ద కూడా దిగదు. "మీరు దేవుడికి కూడా కాల్‌షీట్ వేస్తారు" అంటుంది మా ఆవిడ. చుట్టాల పెళ్లి పదింటికైతే ఆవిడకు తొమ్మిదిన్నర అని చెప్పేవాణ్ణి. పెళ్లయిన మూడో ఏడు కనిపెట్టేసింది. అప్పట్నుంచీ నేను ఏ టైం చెప్పినా దానికి అరగంట కలుపుకుని తయారవుతోంది. మొత్తానికి మళ్లీ ఆలస్యమే.

సినిమావాళ్లలో ఇది అబద్ధం కింద లెక్క కాదు. షాట్ తొమ్మిదింటికైతే, ఆలస్యంగా వచ్చే అలవాటున్న నటుడికి ఎనిమిదని చెబుతాం. ఆయన తాపీగా తొమ్మిదింటికి కారు దిగుతాడు. ఎవరి పరువూ పోదు, పనీ ఆగదు. ఈ విద్యలో నన్ను మించినవాడు ఫిల్మ్‌నగర్‌లో లేడని నా నమ్మకం. ఆ నమ్మకంతోనే దాన్ని తీసుకెళ్లి ఫుట్‌బాల్‌లో పెట్టాను.

మా ఊరి మిషన్ స్కూల్లో నేను గోల్‌కీపర్‌ని. ఆ పిచ్చి వదల్లేదు. హైదరాబాద్ వచ్చి స్థిరపడేసరికి ఆడే వయసు దాటింది, ఆడించే వయసు వచ్చింది. ఫుట్‌బాల్ సంఘంలో లీగ్ కమిటీ కార్యదర్శిగా పెట్టారు. జీతం లేదు, తిట్లు మాత్రం పుష్కలం. ఆదివారం పొద్దున్నే మ్యాచ్‌లు కాబట్టి చర్చికి మా ఆవిడ ఒక్కతే వెళుతుంది. ఆ తిట్లు వేరే.

లీగ్ అంటే చూసేవాళ్లకు ఆట, మాకు కాగితాలు. ఎ, బి, సి అని మూడు డివిజన్లు. కింద గెలిచిన రెండు జట్లు పైకెక్కుతాయి, పైన ఓడిన రెండు జట్లు కిందికి దిగుతాయి. ఒక ఆటగాడు ఒకే క్లబ్‌కి ఆడాలి, మారాలంటే పాత క్లబ్ అభ్యంతరం లేదని రాసివ్వాలి. సీజన్‌కి ముందు నేను పాత కాల్‌షీట్ల వెనక ఖాళీ వైపు పెన్సిల్‌తో ఫిక్స్చర్లు వేస్తాను. పది జట్లను రెండు వరసల్లో రాసుకుని, మొదటి జట్టును కదపకుండా మిగతా తొమ్మిదింటినీ వారానికో గడి జరుపుతూ పోతే, తొమ్మిది వారాల్లో అందరూ అందరితో ఆడేస్తారు. ఆ గడులు జరుపుతున్నంతసేపే నేను కాస్త నెమ్మదిగా ఉంటానని మా ఆవిడ అంటుంది.

గొడవంతా టైంతోనే. షేక్‌పేట దగ్గర మాకు దొరికే మైదానం మా ఒక్కరిదే కాదు. ఒక వారం స్కూల్ వార్షికోత్సవం, ఒక వారం రాజకీయ సభ, ఒక వారం ఎవరిదో క్రికెట్. అందుకని అచ్చువేసిన కాగితంలో తేదీ, జట్లు మాత్రమే ఉండేవి. ఏ టైంకో శుక్రవారం సాయంత్రం ఒక్కో క్లబ్‌కీ నేనే విడిగా మెసేజ్ పెట్టేవాణ్ణి.

ఇక బోరబండ క్లబ్. అందులో సగంమంది సినిమా సెట్ల మీద పనిచేసేవాళ్లే. లైట్‌మన్లు, పెయింటర్లు, వడ్రంగులు. మిగతావాళ్లలో ఒకరు ఎర్రగడ్డ ఆసుపత్రిలో వార్డుబాయ్, ఇద్దరు బైక్ మీద పార్సిళ్లు అందించేవాళ్లు. కెప్టెన్‌కి ముప్పై అయిదేళ్లుంటాయి. లైట్‌మన్, మా యూనిట్లో కూడా చాలాసార్లు పనిచేశాడు. మనిషి నిదానం, మైదానంలో మాత్రం అంచుల వెంట దూసుకొచ్చే వింగర్ల పాలిట యముడు. సి డివిజన్‌లో నాలుగేళ్లు కొట్టుకుని కొట్టుకుని బి లోకి వచ్చారు. సెట్లో ప్యాకప్ ఎప్పుడవుతుందో తెలియని మనుషులు, టైంకి ఏం వస్తారులే అనుకున్నాను. వాళ్లు వచ్చిన మొదటి వారం నుంచే మ్యాచ్ ఏడింటికైతే వాళ్లకు ఆరున్నర అని పెట్టాను. ఆరూ యాభైకల్లా రొప్పుకుంటూ దిగేవారు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

పోయిన సీజన్‌లో ఒకరోజు నా తెలివి కూడా పనిచేయలేదు. ముందురోజు షూటింగ్ సాగి సాగి, ఆరుగురే వచ్చారు. ఏడుగురైనా లేనిదే ఆట మొదలుపెట్టకూడదు. అసలు టైం దాటాక పదిహేను నిమిషాలు ఆగి రిఫరీ అవతలి జట్టుకు వాకోవర్, అంటే ఆడకుండానే గెలుపు, ఇచ్చేశాడు. మా రూల్ ప్రకారం ఒక సీజన్‌లో రెండు వాకోవర్లు ఇచ్చిన క్లబ్‌ను లీగ్ నుంచి తీసేస్తాం. మళ్లీ రావాలంటే వచ్చే ఏడు సి డివిజన్ అడుగు నుంచి మొదలుపెట్టాలి. ఈలోగా ఆటగాళ్లు ఏ క్లబ్‌కైనా పోవచ్చు, పోతారు కూడా. అంటే ఇంకొక్క వాకోవర్ పడితే బోరబండ క్లబ్ పని అయిపోయినట్టే.

నాకు భయం పట్టుకుంది. వాళ్లంటే నాకు అభిమానం, అది నిజం. అందుకని తర్వాతి మ్యాచ్‌కి అరగంట చాలదనుకున్నాను. అసలు టైం ఏడున్నర. ఎదుటిది ఒక ఆఫీసు జట్టు, వాళ్లకూ రిఫరీకీ ఏడున్నర అనే పెట్టాను. బోరబండకు ఆరున్నర అని పెట్టాను.

ఆ ఆదివారం నాకు సూర్యోదయం షాట్ ఉంది. నటుల మాటలు అక్కడికక్కడే రికార్డు చేసే పద్ధతి కాబట్టి అందరి ఫోన్లూ ఆపించి ఒక బుట్టలో వేయించాను, నాది కూడా. ఎనిమిదింబావుకి ఫోన్ తీసుకున్నాను. బోరబండ కెప్టెన్ నుంచి ఆరుసార్లు ఫోన్. తర్వాత ఒక ఫొటో. పద్నాలుగు మందీ జెర్సీలు వేసుకుని, షూ లేసులు కట్టుకుని, వెనక ఖాళీ గోల్‌పోస్ట్‌తో నవ్వుతూ నిలబడ్డారు. కింద మెసేజ్: "సార్ ఆరుంబావుకే వచ్చినం. ఏడు దాక చూసినం. అవతలోళ్లు రాలే, రిఫరీ రాలే. వాకోవర్ మనకే గద సార్. ఐదుగురికి తొమ్మిదికి సెట్ల కాల్ ఉంది, పోతున్నం."

దాని కిందే రిఫరీ మెసేజ్: "బోరబండ రాలేదు. రెండో వాకోవర్. రిపోర్ట్ పంపించాను."

రెండో వాకోవర్ పడకూడదని ఆ రోజు ట్రాలీ ఆటో మాట్లాడుకుని, చీకటితోనే బయల్దేరి, నేను చెప్పిన టైం కన్నా ముందు వచ్చారు వాళ్లు. తర్వాతి షాట్‌కి కేక వేయాల్సింది నేనే, అసిస్టెంట్‌ని వేయమన్నాను.

సోమవారం కెప్టెన్ ఫిల్మ్‌నగర్‌లోని మా ఆఫీసుకు వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. ఫోన్‌లో నా మెసేజ్ తీసి చూపించాడు.

"ఏడున్నర కొట్టబోయి ఆరున్నర కొట్టినట్టున్నరు సార్."

నేను బల్ల మీది కాగితాలు సర్దాను.

"ఫికర్ చెయ్యకుండ్రి. రేపు కమిటీల ఇది చూపియ్య. మేమే టైం తప్పు చూసుకున్నమని అంట. మీ మీదికి మాట రానియ్య."

"అట్లా అంటే క్లబ్ పోతుందయ్యా."

"సార్ ఉన్నరు గద, ఏమన్న చేస్తరు" అన్నాడు, వెళ్లిపోయాడు.

వద్దనాలి కదా? అనలేదు. వారం తిరక్కుండా మా కొత్త షెడ్యూల్ మొదలవుతోంది. లైట్‌మన్ల జాబితాలో అతని పేరుంది, ఆ జాబితా నా చేతుల్లోనే ఉంది. అతను నన్ను కాపాడుతున్నది గౌరవంతోనా, పని పోతుందనా అని అప్పుడు అనిపించింది. ఆ ఆలోచన వచ్చాక ఆఫీసులో నిలవలేకపోయాను. కారు వదిలేసి ఫిల్మ్‌నగర్ ఎత్తుపల్లాలన్నీ తిరిగాను. చెక్‌పోస్ట్ దాకా నడిచి, ఎందుకు వచ్చానో తెలియక వెనక్కి తిరిగాను. ఇంట్లో మా ఆవిడ ఏమైందని అడిగితే ఏమీ లేదన్నాను. "ఏమీ లేకపోతే ఆ కాలు ఊపడం ఆపండి" అంది.

మంగళవారం సాయంత్రం కమిటీ. మా అధ్యక్షుడు ఒకప్పటి రిఫరీ. డెబ్బై దాటినా ఇప్పటికీ విజిల్ వేసినట్టే మాట్లాడతాడు. ఒక పక్క ఆఫీసు జట్టు మేనేజర్, ఒక పక్క బోరబండ కెప్టెన్. అధ్యక్షుడి పక్కన మినిట్స్ పుస్తకంతో నేను. రిఫరీ రిపోర్ట్ చదవడం అయింది.

"నీ మాటేంటి?" అన్నాడు అధ్యక్షుడు.

"మేమే టైం తప్పు చూసుకున్నం సార్. జర దయచూడుండ్రి" అన్నాడు కెప్టెన్. ఫోన్ జేబులోనే ఉంది. నా వైపు చూడలేదు.

"దయకు రూల్లో చోటు లేదు బాబూ. రెండు వాకోవర్లు. రాసుకోండి" అన్నాడు నాతో.

రాయడం మొదలుపెట్టాను. 'సదరు క్లబ్‌ను ప్రస్తుత సీజన్ లీగ్ నుంచి' వరకు రాశాను. 'తొలగించడమైనది' అని రాయాలి. చెయ్యి ఆగిపోయింది. నేను ఆడిన అబద్ధానికి నా చేత్తోనే వాళ్లకు శిక్ష రాస్తున్నానని ఒక్కసారిగా సిగ్గేసింది. అధ్యక్షుడు "ఏమైంది?" అన్నాడు.

"వాళ్లు తప్పు చూసుకోలేదండీ. ఆరున్నర అని నేనే చెప్పాను."

"పొరపాటున కొట్టారా?"

అవునంటే అక్కడితో అయిపోయేది. క్లబ్ కూడా బతికేది, నేనూ మర్యాదగా ఇంటికి వెళ్లేవాణ్ణి. కెప్టెన్ తలెత్తి, అవుననుండ్రి సార్ అన్నట్టు చూశాడు. కానీ రెండు రోజులు కాలు కాలిన పిల్లిలా తిరిగినవాణ్ణి, ఇంకో అబద్ధం మోసే ఓపిక నాకు లేదు.

"కాదండీ. కావాలనే. ఆలస్యంగా వస్తారని వాళ్లకెప్పుడూ ముందు టైం చెబుతుంటాను. సినిమాల్లో మాకది అలవాటు."

ఆఫీసు జట్టు మేనేజర్ నవ్వాపుకోలేక "మాక్కూడా అలాగే చెబుతారాండీ?" అన్నాడు.

"లేదండీ. మీకు ఎప్పుడూ సరైన టైమే."

ఆ మాట అనేటప్పుడు కెప్టెన్ ముఖం చూశాను. చూడకపోతే బాగుండేది.

అధ్యక్షుడు నిమిషంలో తేల్చేశాడు. వాకోవర్ రద్దు. మ్యాచ్ మళ్లీ ఆడాలి. ఇకమీద టైం అందరికీ ఒకే కాగితం మీద వెళ్లాలి, ఆ కాగితం నేను కాకుండా ఇంకొకరు పంపాలి. అవన్నీ నేనే రాసుకుని, నేనే చదివి వినిపించాను. నన్ను కమిటీలోంచి పొమ్మనలేదు. పొమ్మంటే తేలిగ్గా ఉండేదేమో.

బయటికి వచ్చేసరికి కెప్టెన్ మెట్ల కింద బండి దగ్గర నిలబడి ఉన్నాడు. హెల్మెట్ చేతిలోనే ఉంది. కృతజ్ఞతలు చెప్పడానికి ఆగాడనుకున్నాను, నా బుద్ధి అలాంటిది.

"రీప్లే వచ్చింది కదయ్యా. బాగా ఆడండి" అన్నాను.

"ఎప్పటి సంది సార్ గిట్ల?"

"మీరు బి డివిజన్‌లోకి వచ్చిన దగ్గర్నుంచీ."

"మూడు సీజన్లు."

"ఆఁ."

"అంటే, గా ఆరుగురం వచ్చిన రోజు తప్ప, మేము ఎన్నడు లేట్ రాలే."

"రాలేదు."

"ఒక్కనాడు గూడ?"

"ఒక్కనాడు కూడా లేదు."

కోప్పడతాడనుకున్నాను. కోప్పడితే ఏదో ఒకటి సర్దిచెప్పేవాణ్ణి, అది నాకు బాగా వచ్చు. అతను హెల్మెట్ పట్టీని వేలితో తిప్పుతూ చాలాసేపు నేలకేసి చూశాడు.

"పదిహేను నిమిషాలు దాటినా మాకోసం మీరే మ్యాచ్ ఆపిస్తున్నరని మా పోరలకు చెప్పిన సార్. గ్రౌండ్ల అడుగు పెట్టంగనే, ముందుగాల సార్‌కు సారీ చెప్పుండ్రిరా అనేటోణ్ణి. అందరు వరసగ వచ్చి చెప్పేటోళ్లు. ప్రతిసారి." తలెత్తి నన్ను చూశాడు. "మీరు పర్లేదన్నరు సార్."

అన్నాను. ప్రతిసారీ అన్నాను.